యెల్లాప్రగడ సుబ్బారావు

యెల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాలలోని ఫాస్ఫరస్ సమ్మేళనాలపై, ఫోలిక్ ఆమ్లంపై, దానికి విరుద్ధంగా పనిచేసే మందులపై ఈయన చేసిన, చేయించిన పరిశోధనలు వైద్యశాస్త్రంలో స్థిరపడ్డాయి. జీవితంలో దాదాపు సగభాగం అమెరికాలో గడిపినప్పటికీ ఆ దేశ పౌరసత్వం స్వీకరించలేదు. స్వదేశానికి తిరిగి రానూలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. ఇంట్లో పేదరికం. చిన్నతనంలో చదువుపై శ్రద్ధ తక్కువ. ఒకసారి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరగా తల్లి వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, రామకృష్ణ మఠంలో చేరాలని ఆశించి, చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు దుస్తులు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యుడికి నచ్చలేదు. ఫలితంగా పూర్తి పట్టా అయిన ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశాడు. 1919లో శేషగిరితో వివాహమైంది.

ఈ కాలంలోనే ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో రోగి క్షీణించిపోయే వ్యాధి ఇది. సుబ్బారావు కూడా దీని బారినపడి కోలుకున్నాడు. మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయంతోనూ 1920ల తొలినాళ్లలో అమెరికా వెళ్ళాడు. భార్యను మళ్ళీ చూడలేకపోయాడు. పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు.

హార్వర్డ్‌లో పరిశోధనలు

ఆసుపత్రిలో చిన్నచిన్న పనులు చేసి పొట్టపోసుకుంటూ హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధన ప్రారంభించాడు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రచురించారు. నమూనాలోని ఫాస్ఫేట్ ఆమ్లయుతమైన మాలిబ్డేట్‌తో కలిసి ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చెందిస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్ పరిమాణం తెలుస్తుంది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పేరొందిన ఇది జీవరసాయన ప్రయోగశాలలలో దశాబ్దాలపాటు నిత్యసాధనంగా నిలిచింది.

ఈ కొలతే తదుపరి ఆవిష్కరణలకు దారితీసింది. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని 1927లో, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏటీపీ) ఉన్నదని 1929లో వీరు ప్రకటించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నాడు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుండి వస్తుందన్న ప్రశ్నకు ఈ సమ్మేళనాలే సమాధానమయ్యాయి.

సుబ్బారావు 1930లో పీహెచ్.డీ. పొందినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి లభించలేదు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్కే ఆ ఫలితాలను వెలుగులోకి రానివ్వలేదని, అదే విభాగంలో పరిశోధన చేసిన జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డాడు. హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకడు.

న్యూక్లియోటైడ్‌లు, డీఎన్ఏ

ఏటీపీ ఒక న్యూక్లియోటైడ్. డీఎన్ఏ పోగు కూడా ఫాస్ఫేట్ బంధాలతో గొలుసుగా కలిసిన న్యూక్లియోటైడ్‌లతో ఏర్పడినదే. ఆ ఫాస్ఫేట్ బంధాలను ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా కూర్చడం సుబ్బారావు మరణానంతరం సాధ్యమైంది. 1960లలో రాబర్ట్ లెట్సింగర్ మొదటి న్యూక్లియోటైడ్‌ను ఘన ఆధారానికి అంటించి, మిగిలినవి వరుసగా చేర్చి, అదనపు రసాయనాలను కడిగివేసే పద్ధతిని రూపొందించాడు. తరువాత సూక్ష్మరంధ్రాలుగల గాజుపూసలు ఇందుకు వాడుకలోకి వచ్చాయి. రంధ్రాలు ఇరుకైనవైతే పొడవైన పోగు పెరగడం కష్టం. అందువలన పోగు పొడవును బట్టి రంధ్రాల పరిమాణం ఎంచుకుంటారు. ఈ కృషిలో సుబ్బారావు పాత్ర లేదు. అయితే కణంలో డీఎన్ఏ నిర్మాణాన్ని ఆపగల మందు తయారీలో ఆయన పాత్ర ప్రధానమైనది.

లెడర్లీలో పరిశోధనలు

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొన్నిరకాల రక్తహీనతలోనూ, సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలోనూ ఇది మందుగా ఉపయోగపడింది.

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం డీఎన్ఏకు కావలసిన థైమిన్‌ను తయారుచేసుకోలేదు. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను బృందం తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో వెల్లడైంది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్, కీళ్ళవాతం చికిత్సలలో వాడుకలో ఉన్నది.

బోదకాలుకు మందైన హెట్రజాన్ (డైఇథైల్ కార్బమజైన్) కూడా ఆయన నాయకత్వంలోనే 1947లో వెలువడింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ భాగంగా ఉన్న పూర్వపు నల్గొండ జిల్లాతో సహా తెలుగునాట అనేక ప్రాంతాలలో బోదకాలు నివారణకు ఈ మందు పంచిపెట్టారు. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ తరగతిలో మొదటి యాంటీబయాటిక్. ఇది కూడా లెడర్లీలో ఆయన పరిశోధనా నాయకత్వకాలంలోనే వెలువడింది.

మరణం, గుర్తింపు

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో నిద్రలోనే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. తన గురించి ప్రచారం చేసుకోకపోవడం వలనా, అనేక ఫలితాలు బృందం పేరున వెలువడడం వలనా జీవితకాలంలో తగిన కీర్తి దక్కలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి 1953లో సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.