స్నేహలతా రెడ్డి గారు – చెరలో ఎనిమిది నెలలు

ఈ శతవార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని అడిగినప్పుడు, గతించినవారిలో ఎవరిని గూర్చి వ్రాయుదుమా అని కొన్ని దినములు ఆలోచించినాము. మిషనెరీలను గూర్చియు, పూర్వపు పాస్టర్లను గూర్చియు వ్రాయువారు ఎటూ ఉన్నారు. మేము ఎంచుకొన్నది ఒక నటీమణిని. ఆమె క్రైస్తవ కుటుంబములో పుట్టి, నెల్లూరు వారింటికి కోడలై, బెంగుళూరు జైలులో ఆరోగ్యము పోగొట్టుకొని 1977లో కన్నుమూసినారు. ఆమె పేరు స్నేహలతా రెడ్డి.

నెల్లూరు నుండి గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా వచ్చే రైలుబండి మన ఏర్పేడు దాటి రేణిగుంట చేరును. అక్కడ నుండి కాట్పాడి, జోలార్‌పేట మీదుగా బెంగుళూరు పోవచ్చును. ఆమె అత్తవారి ఊరు ఈ దారికి ఒక కొసన, ఆమె చెరసాల మరియొక కొసన ఉన్నవి. నడుమ కాపురమున్న మాకు మాత్రము ఆమె చెరలో ఉన్న సంగతి, ఆమె పోయిన చాలా నెలలకు గాని తెలియలేదు. అది ఎందుకు తెలియలేదో కూడా చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆమె 1932లో ఆంధ్ర దేశములో జన్మించినారు. తల్లిదండ్రులు రెండవ తరము క్రైస్తవులు. ఆ కాలపు అలవాటు చొప్పున బిడ్డకు దొరల పేరు పెట్టినారు. వయస్సు వచ్చిన పిమ్మట పరాయి పాలన మీద కోపముతో ఆమె ఆ పేరు విడిచి మన దేశపు పేరు పెట్టుకొన్నారు, కట్టు బొట్టు కూడా మన దేశపువే ఉంచుకొన్నారు. మా పేర్లు కూడా దొరల పేర్లే, వాటిని మార్చుకొను ఉద్దేశ్యము మాకు లేదు. చిన్ననాడే ఆమెకు ఎంత పట్టుదల ఉండినదో తెలియుటకే ఈ మాట.

కిట్టప్ప పిళ్ళై గారి వద్ద భరతనాట్యము నేర్చినారు. మద్రాసు ప్లేయర్స్ అను నాటక బృందమును నిలబెట్టినవారిలో ఆమె ఒకరు. ఇబ్సెన్, షేక్స్‌పియర్ వంటి వారి నాటకములను అక్కడ ఇంగ్లీషులో ఆడినారు. భర్త తిక్కవరపు పట్టాభిరామరెడ్డి గారు 1939లో 'ఫిడేలు రాగాల డజన్' వ్రాసి తెలుగు పండితులను ఉలిక్కిపడజేసిన కవి. 'పెళ్ళినాటి ప్రమాణాలు', 'శ్రీకృష్ణార్జున యుద్ధము' వంటి చిత్రముల నిర్మాణములోను పాలుపంచుకొన్నారు. ఆ సినిమాలు మన పెద్దలు చాలమంది చూచినవే. దంపతులిద్దరును సోషలిస్టు నాయకుడు రామమనోహర్ లోహియా గారి అభిమానులు. వారికి ఒక కూతురు, ఒక కొడుకు.

1970లో పట్టాభి గారు అనంతమూర్తి గారి నవలను 'సంస్కార' పేరుతో కన్నడములో చిత్రముగా తీసినారు. ఆచారములు విడిచిన ఒక మనిషి అగ్రహారములో చనిపోవును. అంత్యక్రియలు ఎవరు చేయవలెనని పెద్దలందరు తర్జనభర్జన పడుచుండగా శవము ఇంటిలోనే ఉండిపోవును. అతనితో కాపురమున్న చంద్రి అను స్త్రీ తన ఒంటి మీది బంగారము తీసి దహనమునకు ఖర్చు పెట్టుమని ముందు పెట్టును. ఆ చంద్రి పాత్ర స్నేహలత గారిది. మద్రాసు సెన్సారు బోర్డు వారు మొదట ఆ చిత్రమును నిషేధించినారు. తరువాత నిషేధము తొలగి, ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమతి కూడా వచ్చినది. ప్రభుత్వము వారి కత్తెర ఎట్లుండునో ఆమెకు అప్పుడే తెలిసి ఉండవలెను.

ఇరవయ్యవ శతాబ్దములో మనుష్యుని మాట మీద, పాట మీద, తలంపు మీద కూడా అధికారము చెలాయించిన ప్రభుత్వములు కొన్ని వచ్చినవి. జర్మనీలో హిట్లరు 1933లో గద్దె ఎక్కిన కొద్ది నెలలకే వీధులలో పుస్తకములు తగులబెట్టించినాడు. పత్రికలు, రేడియో, సినిమా అన్నిటిని ఒక మంత్రి చేతిలో పెట్టినాడు. చివరకు ప్రొటెస్టెంటు సంఘములను కూడా తన మనిషియైన ఒక బిషపు క్రిందికి తేజూచినాడు. మన దేశములో వచ్చిన ఎమర్జెన్సీ అంతటిది కాదు. దానిని దీనిని ఒకే తక్కెడలో వేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. అయితే 1975 జూన్ 25 రాత్రి మొదలు 1977 మార్చి 21 వరకు, 21 నెలలు, ఆ పోకడలు కొన్ని మన ఇంటి గడపలోనికి వచ్చిన మాట వాస్తవము.

ఆ మొదటి రాత్రి ఢిల్లీలో పత్రికల అచ్చుయంత్రములకు కరెంటు నిలిపివేసినారు. మరునాటి నుండి సెన్సారు. ప్రభుత్వము చెప్పినట్లు పాడనన్నందుకు కిశోర్ కుమార్ పాటలు రేడియోలో ఆగిపోయినవి. 'కిస్సా కుర్సీ కా' అను హిందీ చిత్రము ప్రింట్లను తగులబెట్టినారు. మేమప్పుడు హైస్కూలు పిల్లలము. మాకు తెలిసినది రేడియోలో ఇరువది సూత్రముల కార్యక్రమము, గోడల మీద వ్రాతలు, కుటుంబ నియంత్రణకు మనుష్యులను తెమ్మని పై నుండి వచ్చిన ఒత్తిడికి దిగాలుపడిన ఒక అయ్యవారి ముఖము, అంతే. దేశమంతట 1976–77లో 80 లక్షలకు పైగా ఆ ఆపరేషన్లు జరిగినవని తరువాత చదివినాము. బండ్లు వేళకు వచ్చినవి కదా అని నేటికిని అనువారు ఉన్నారు. వచ్చినవేమో. ఆ బండిలో దిగిన పత్రికలో ఏమి లేదో మనకెవరు చెప్పుదురు?

అరెస్టులకు వాడిన చట్టము పేరు మీసా. దాని క్రింద పట్టుకొన్నవారికి కారణము చెప్పనవసరము లేదు, కోర్టుకు కూడా చెప్పనవసరము లేదని సవరించినారు. షా కమిషను లెక్క ప్రకారము మీసా క్రింద 34,988 మందిని, దేశరక్షణ నిబంధనల క్రింద 75,818 మందిని నిర్బంధించినారు. అట్టివారు హైకోర్టుకు పోవచ్చునా అను ప్రశ్న సుప్రీంకోర్టుకు వచ్చినది. 1976 ఏప్రిల్ 28న అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు, పోగూడదని తీర్పు చెప్పినారు. కాదన్నవారు హెచ్.ఆర్. ఖన్నా గారు ఒక్కరే.

ఆ తీర్పు వచ్చిన నాలుగు దినములకు, మే 2న, స్నేహలత గారిని అరెస్టు చేసినారు.

కారణము జార్జి ఫెర్నాండెజ్ గారితో ఉన్న స్నేహము. 1974 మే నెలలో రైలు కార్మికుల సమ్మె నడిపినది ఆయనే. స్టేషనుకు దగ్గరి ఊరి వారము గనుక ఆ సమ్మె మన పెద్దలకు బాగుగా జ్ఞాపకము. ఎమర్జెన్సీ రాగానే ఆయన అజ్ఞాతములోనికి పోయినారు. ఆయన జాడ చెప్పుమని తమ్ముడు లారెన్స్‌ను మే 1న బెంగుళూరులో పట్టుకొని చిత్రహింసలు పెట్టినారు. మరునాడు ఈమెను పట్టుకొన్నారు. వంతెనలు, రైలు పట్టాలు డైనమైటుతో పేల్చుటకు పన్నాగము పన్నినారని పెట్టిన బరోడా కేసులో ఈమెకు కూడా పాత్ర ఉన్నదని మొదట నేరము మోపినారు. తరువాత అది విడిచి మీసా క్రింద ఉంచినారు. 1976 సెప్టెంబరులో ఆ కేసు చార్జిషీటు కోర్టుకు చేరినది. జార్జి గారితో కలిపి 25 మంది పేర్లున్నవి. స్నేహలత గారి పేరు అందులో లేదు. లేకపోయినను విడిచిపెట్టలేదు.

ఆమెను పెట్టినది ఒక్క మనిషికి చాలు ఇరుకు గది. ముందు ఇనుప ఊచల తలుపు, వెనుక మూల మరుగుదొడ్డికి బదులు ఒక రంధ్రము. ఆమెకు చాలాకాలముగా ఉబ్బసము. ఆ తేమలో, సరియైన వైద్యము లేక, రెండుసార్లు స్పృహ తప్పు స్థితికి వచ్చినారు. అదే జైలులో ఉన్న పార్లమెంటు సభ్యుడు మధు దండవతే గారు, రాత్రి నిశ్శబ్దములో ఆమె గది నుండి కేకలు వినబడెడివని తరువాత తన జ్ఞాపకములలో వ్రాసినారు.

అయినను ఆమె ఊరకుండలేదు. తోటి స్త్రీ ఖైదీలు చాలమంది బీదవారు. వారిని కొట్టుట మాన్పించవలెనని, తిండి బాగుచేయవలెనని అధికారులతో పోరాడినారు. వారికి పాటలు, నాటకములు నేర్పినారు. రంగస్థలము మీద ఇబ్సెన్‌ను ఆడిన మనిషి చెరసాల ముంగిట చదువురాని ఆడవారితో నాటకము కట్టినది. మాకు ఆమె జీవితములో అన్నిటికంటె నచ్చినది ఇదే. దినచర్య కూడా వ్రాసుకొన్నారు. ఆమె పోయిన తరువాత 1977లో అది పుస్తకముగా వచ్చినది.

ఊపిరితిత్తులు పూర్తిగా చెడిన తరువాత 1977 జనవరి 15న పెరోలు మీద విడిచినారు. జనవరి 18న ప్రధానమంత్రి ఇందిరాగాంధి గారు ఎన్నికలు ప్రకటించినారు. జనవరి 20న స్నేహలత గారు కన్నుమూసినారు.

మార్చిలో జరిగిన ఆ ఎన్నికలలో ఉత్తరదేశము ప్రభుత్వమును కూలద్రోసినది. మన ఆంధ్రప్రదేశ్ మాత్రము 42 స్థానములలో 41 కాంగ్రెసుకే ఇచ్చినది, ఒక్క నంద్యాల తప్ప. ఎవరి ఓటు వారిది, దానిని మేము తప్పు పట్టము. ఉత్తరాదిన జరిగినంత బలవంతము ఇక్కడ జరగలేదనువారి మాటలోను నిజమున్నది. కాని ఓటు వేసిన మన పెద్దలలో నెల్లూరు కోడలు ఒకతె రెండు నెలల క్రిందటనే అట్లు పోయినదని ఎరిగినవారు ఎందరు? మా ఇండ్లలో ఒక్కరును లేరు. మరుసటి సంవత్సరము ఒక పాత పత్రిక చేతికి వచ్చినప్పుడు గాని మేము ఆ పేరు చదువలేదు.

బరోడా కేసును కొత్త ప్రభుత్వము 1977లోనే ఉపసంహరించుకొన్నది. పట్టాభి గారు 2006 వరకు జీవించినారు. 1976 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెల్లదని ఆ కోర్టే 2017లో ప్రకటించినది. బెంగుళూరు సెంట్రల్ జైలును ఊరి వెలుపలికి మార్చి, ఆ స్థలమును 2008లో ఫ్రీడం పార్కుగా తెరచినారు. కాపలా బురుజును, కొన్ని పాత గదులను అట్లే ఉంచినారు. మెజెస్టిక్ దగ్గర రైలు దిగినవారు ఆటోలో కొద్ది నిమిషములలో అక్కడికి చేరవచ్చును.