అల్లూరి ఎందుకు పోరాడారు? ఈసారి మీరే చెప్పండి



జులై 4 దగ్గర పడుతోందంటే చాలా ఇళ్లలో కాషాయం పంచె, అట్టతో చేసిన విల్లు సిద్ధమవుతాయి. ఫ్యాన్సీ డ్రెస్‌లో పిల్లలు అల్లూరి సీతారామరాజులా చక్కగా నిలబడతారు. ఆయన ఎందుకు పోరాడారని అడిగితే మాత్రం బ్రిటిష్‌వాళ్ల మీద అని చెప్పి ఆగిపోతారు. అసలు కారణం ఇంట్లో మీరు చెప్పండి. అది కర్రతో మొదలవుతుంది.

గది ఎంత వెడల్పో, గోడ నుంచి గోడకు వేసే దూలం అంత పొడవుండాలి. అందుకు ముదిరిన, నిటారైన చెట్టు కావాలి. రైలు పట్టాల కింది స్లీపర్లకూ, వంతెనలకూ మంచి కర్రే కావాలి. ఆ కర్ర మీద కన్నేసిన ప్రభుత్వం 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండ అడవులను రిజర్వు చేయడం మొదలుపెట్టింది. తరతరాలుగా పోడు చేసుకుంటూ, ఇంటికి వాసాలు కొట్టుకుంటూ బతికిన గిరిజనులు తమ అడవిలోనే నేరస్థులయ్యారు.

రాజు 1897లో పాండ్రంగిలో పుట్టారు. ఫొటోగ్రాఫరైన తండ్రి చిన్నప్పుడే పోయారు. చదువు మధ్యలో ఆగింది. సన్యాసిగా తిరుగుతూ 1917లో కృష్ణదేవిపేట చేరారు. గిరిజనులను తాగుడు మానమన్నారు, తగవులు పంచాయతీల్లోనే తీర్చుకోమన్నారు.

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండల్లో రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా దింపాడు. కూలి సరిగా ఇవ్వలేదు. అడవి పోయింది, కష్టానికి విలువా పోయింది. గంటం దొర, మల్లు దొర వంటివారు రాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళ్లారు. దాదాపు రెండేళ్ల పోరు తర్వాత, 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఆ తూర్పు కనుమల్లోనే మనం సెలవులకు వెళ్లే అరకు ఉంది. అక్కడి కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లను పిల్లలకు చూపించండి. ఆ కర్ర ప్లైవుడ్‌కు పనికొస్తుంది. ఇప్పుడు ఇంజనీర్లు చిన్న చిన్న పలకలను పొరలుగా జిగురుతో అతికించి గ్లూలామ్ అనే దూలాలు చేస్తున్నారు. మహావృక్షం అక్కర్లేకుండానే అవి 20 మీటర్ల వెడల్పున్న హాలు కప్పును కూడా మోస్తాయి.

దూలం చేసే పద్ధతి మారింది. చెట్టు ఎవరిది, పనిచేసినవాళ్లకు కూలి ఎంత అన్నవి మాత్రం ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నలే. గిరిజనుల అటవీ హక్కులను గుర్తించే చట్టం 2006లో వచ్చింది, అంటే రాజు పోయిన 82 ఏళ్లకు. అరకు ఉన్న జిల్లాకు 2022లో ఆయన పేరు పెట్టారు.

ఈసారి డైలాగ్ నేర్పించేటప్పుడు కర్ర, కూలి అనే రెండు మాటలు కూడా చేర్చండి. స్టేజి మీద అవి వినిపిస్తే మా టీచర్లందరికీ సంతోషం.