పాఠశాల మైదానం నుంచి ఒలింపిక్ సెమీఫైనల్ వరకు – ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం
(ఆగస్టు 17 – రహీం జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ప్రొద్దుటూరు, ఆగస్టు 17: ఆటగాడిగా మైదానం వీడిన తరువాత ఆ ఆటనే పాఠంగా మలచి రెండు తరాల క్రీడాకారులను తీర్చిదిద్దిన శిక్షకులు మన దేశంలో అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడైన ఆయన, భారత ఫుట్‌బాల్ జట్టుకు రెండు ఆసియా క్రీడల స్వర్ణ పతకాలను, ఒక ఒలింపిక్ సెమీఫైనల్ స్థానాన్ని సాధించిపెట్టారు. క్రీడాలోకం ఆయనను రహీం సాబ్‌గా గౌరవించింది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసిస్తూ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడి పేరు గడించారు. పట్టభద్రులైన అనంతరం ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల తదితర విద్యాసంస్థలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలలో క్రీడల బాధ్యతను చేపట్టారు. ఆటగాడిగా ఆయన సాధించినదానికంటె ఉపాధ్యాయుడిగా సాధించిన అనుభవమే తదుపరి జీవితానికి పునాది అయినది. పిల్లవాని శక్తిని, లోపాన్ని గుర్తించి, లోపాన్ని సరిదిద్దే అభ్యాసం నిర్ణయించడం తరగతి గదిలో ఆయనకు అలవడిన విద్య. ఆ విద్యనే ఆయన మైదానంలోనికి తీసుకొని వచ్చారు.

1943లో రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఎన్నికయ్యారు. తుదిశ్వాస విడిచే వరకు ఆ బాధ్యతలో కొనసాగారు. నగరంలో ఫుట్‌బాల్ నాడు ప్రధానంగా వ్యక్తిగత నైపుణ్యంపై ఆధారపడి ఉండేది. బంతి చిక్కిన ఆటగాడు ఒంటరిగా ముందుకు సాగి ప్రేక్షకుల మెప్పు పొందడమే ఆటగా భావించేవారు. ఈ ధోరణిని మార్చడానికి రహీం ఉపన్యాసాలపై ఆధారపడలేదు. పోటీల నిబంధనలనే మార్చారు. బంతిని తన వద్ద అట్టిపెట్టుకొని డ్రిబ్లింగ్ చేయడాన్ని నిషేధిస్తూ యువకులకు ప్రత్యేక టోర్నమెంట్లు నిర్వహించారు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనన్న నిబంధనతో మరికొన్ని పోటీలు ఏర్పాటు చేశారు. ఫలితంగా బంతిని సత్వరమే సహచరునికి అందించడం, రెండు కాళ్లతోను సమానంగా ఆడడం హైదరాబాద్ క్రీడాకారులకు సహజ లక్షణాలైనాయి. ఇందుకు అదనపు వ్యయం గాని, కొత్త పరికరాలు గాని అవసరం కాకపోవడం గమనార్హం.

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతలు స్వీకరించారు. ఆయన శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్‌ను గెలుచుకున్నది. 1950, 1954, 1957 సంవత్సరాలలో డ్యూరాండ్ కప్‌ను కైవసం చేసుకున్నది. అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరిట 1961లో మరోసారి డ్యూరాండ్ విజేతగా నిలిచింది. కలకత్తా క్లబ్బుల ఆధిపత్యం సాగుతున్న కాలంలో దక్షిణాదికి చెందిన ఒక పోలీసు జట్టు ఈ ఘనత సాధించడం దేశమంతటినీ ఆకర్షించింది.

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీం తొలి పరీక్ష 1951లో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడలు. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌పై 1–0 తేడాతో నెగ్గి స్వర్ణం సాధించింది. అయితే మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఘోర పరాజయం ఎదురైనది. చలి దేశంలో మన క్రీడాకారులలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి అనంతరమే బూట్లు ధరించి ఆడడాన్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తప్పనిసరి చేసింది. రహీం ఆ పరాజయాన్ని అవమానంగా గాక పాఠంగా స్వీకరించారు. ఆ కాలంలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన హంగరీ జట్టు ఆటతీరును అధ్యయనం చేసి, ముందువరుస ఆటగాళ్లలో ఒకరిని వెనుకకు జరిపి ప్రత్యర్థి రక్షణ వరుసను చెదరగొట్టే వ్యూహాన్ని మన జట్టుకు అలవరచారు.

ఆ కృషి 1956లో ఫలించింది. ఆ సంవత్సరం నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం ఆంధ్ర రాష్ట్రంతో కలసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది. కడప జిల్లా, హైదరాబాద్ నగరం ఒకే రాష్ట్రంలో చేరిన సరిగ్గా నెల రోజులకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిష్యులు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించారు. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ సాధించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ చరిత్రకెక్కింది. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1–4తోను, కాంస్య పతక పోటీలో బల్గేరియా చేతిలో 0–3తోను ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె. బెనర్జీ సారథ్యంలోని జట్టు హంగరీతో 1–2 తేడాతో పోరాడి ఓడి, ఫ్రాన్స్‌తో 1–1గా సమం చేసుకొన్నది. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడ ఆ ఒలింపిక్ జట్టు సభ్యుడు.

రహీం జీవితంలో అత్యంత కఠిన పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన క్యాన్సర్ వ్యాధిగ్రస్తులు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో భారత్ 0–2తో ఓడింది. థాయ్‌లాండ్‌పై 4–1తో గెలిచినప్పటికీ, ఆ మ్యాచ్‌లో రక్షణ వరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు తీవ్ర గాయమై కుట్లు పడినాయి. జపాన్‌పై 2–0 విజయంతో జట్టు సెమీఫైనల్ చేరింది. గాయపడిన జర్నైల్‌ను పక్కన కూర్చోబెట్టకుండా, కళాశాల రోజులలో ఆయన ముందువరుసలో ఆడిన సంగతిని దృష్టిలో ఉంచుకొని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాలని రహీం నిర్ణయించారు. దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన సెమీఫైనల్లో జర్నైల్ గోల్ సాధించి గురువు నిర్ణయాన్ని నిలబెట్టారు.

ఫైనల్ నాటికి జకార్తా వాతావరణం భారత్‌కు పూర్తిగా ప్రతికూలంగా మారింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు అనుమతించకపోవడంపై భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ అభ్యంతరం తెలుపగా, నగరంలో నిరసనలు చెలరేగి భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. 1962 సెప్టెంబరు 4న సుమారు లక్ష మంది ప్రేక్షకుల వ్యతిరేక నినాదాల నడుమ మన జట్టు మైదానంలో అడుగుపెట్టింది. ఫైనల్‌కు ముందు రహీం తన శిష్యులను సమావేశపరచి, స్వర్ణ పతకాన్ని తనకు కానుకగా ఇవ్వవలసిందిగా కోరారని ఆ క్రీడాకారులు అనంతర కాలంలో గుర్తుచేసుకున్నారు. జ్వరం నుంచి తేరుకుంటున్న పీటర్ తంగరాజ్ గోల్‌కీపర్‌గా నిలిచారు. తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ముందువరుసలో ఆడారు. ఈ ముగ్గురూ హైదరాబాద్, సికిందరాబాద్ మైదానాలలో ఎదిగినవారే. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ తొలి ఇరవై నిమిషాలలోనే చెరొక గోల్ సాధించగా, చునీ గోస్వామి నాయకత్వంలోని భారత్ 2–1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలుచుకున్నది.

ఆ విజయం సాధించిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం తమ 53వ ఏట కన్నుమూశారు. ఆ తరువాత భారత్ 1970 ఆసియా క్రీడలలో కాంస్యం సాధించినప్పటికీ, ఫుట్‌బాల్‌లో మరల స్వర్ణం పొందలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు అర్హత సాధించలేదు. ఉత్తమ శిక్షకులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం ప్రారంభమైనది 1985లో. అప్పటికి ఆయన గతించి 22 సంవత్సరాలు. 2024లో విడుదలైన మైదాన్ హిందీ చలనచిత్రం ద్వారా మాత్రమే నేటి తరంలో అనేకులకు ఆయన పేరు పరిచయమైనది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలోని పాఠశాలలు, కళాశాలలలో పనిచేస్తున్న వ్యాయామ ఉపాధ్యాయులకు రహీం జీవితం దూరపు కథ కాదు. ఆయన కూడ వారి వలెనే హాజరు పట్టీ, మైదానం రెండింటినీ నిర్వహించిన ఉపాధ్యాయుడు. ఖరీదైన సదుపాయాలు లేనిచోట ఒక నిబంధనను మార్చి విద్యార్థి లోపాన్ని సరిదిద్దవచ్చునని, పరాజయం నుంచి పాఠం తీసి నాలుగేళ్లలో జట్టు రూపురేఖలు మార్చవచ్చునని ఆయన ఆచరణలో నిరూపించారు. పతకాల పట్టికలో శిక్షకుని పేరు ఉండదు. ఆయన తీర్చిదిద్దిన శిష్యుల ఆటలోనే ఆ పేరు నిలుస్తుంది.