ఫోటో బరువు తగ్గించిన దర్జీ కొడుకు

పిల్లల ఎంట్రన్స్ దరఖాస్తు నింపుతూ మీరూ ఎప్పుడో ఒకసారి ఇరుక్కునే ఉంటారు. ఫోటో 50 కేబీ దాటకూడదంటుంది వెబ్‌సైట్. ఫోన్‌లో తీసిందేమో 4 ఎంబీ. ఏదో యాప్‌లో వేసి తగ్గిస్తారు, పని అయిపోతుంది. ఆ తగ్గింపు వెనకున్న లెక్కకు మూలం 200 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఉంది.

జోసెఫ్ ఫోరియర్ 1768లో ఒసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట్లో పుట్టాడు. చిన్న వయసులోనే తల్లీ తండ్రీ పోయారు. ఊళ్లోని సైనిక పాఠశాలలో చదువుతూ, కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకుని రాత్రిళ్లు లెక్కలు చేసుకునేవాడని చెబుతారు. (మీ పిల్లల్ని నిద్ర మానుకోమనడానికి దీన్ని వాడకండి!) ఫిరంగి దళంలో చేరాలనుకుంటే గొప్పింటి పుట్టుక కాదని రానివ్వలేదు. 1794లో, విప్లవం రోజుల్లో, జైలుకెళ్లాడు. రోబెస్పియర్ పడిపోబట్టి బయటపడ్డాడు. తర్వాత నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లొచ్చి, 1802 నుంచి గ్రెనోబుల్‌లో ప్రిఫెక్టుగా పనిచేశాడు. మన కలెక్టరు లాంటి ఉద్యోగం. చిత్తడి నేలలు ఎండగట్టిస్తూ, రోడ్లు వేయిస్తూనే, లోహంలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టాడు.

ఎంత వంకరటింకర గీతనైనా నున్నటి అలలు కొన్నింటిని కలిపి గీయవచ్చని అతని వాదన. 1807లో పారిస్‌కు పంపాడు. పెద్ద గణితవేత్త లగ్రాంజ్ ఒప్పుకోలేదు. పదునైన మూలలున్న గీత నున్నటి అలలతో ఎలా వస్తుందన్నది పేచీ. ఆ వ్యాసం అచ్చుకాలేదు. తర్వాత అదే విషయానికి బహుమతి ఇచ్చారు గానీ, రుజువు సరిపోదన్న గొణుగుడుతోనే ఇచ్చారు. పుస్తకం వచ్చేసరికి 1822 అయింది. ఫోరియర్ 1830లో చనిపోయాడు.

1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు అనే ముగ్గురు అలలతో లెక్కగట్టే ఇలాంటి పద్ధతినే బొమ్మలకు పనికొచ్చేలా మలిచి ప్రచురించారు. 1992లో అది జేపెగ్ ప్రమాణంలోకి చేరింది. మీ ఫోటోను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గడులుగా కోసి, ఒక్కో గడిలోని వెలుగునీడల్ని అలలుగా విడదీస్తారు. కంటికి అంతగా ఆనని సన్నటి అలల్ని వదిలేస్తారు. ఫైలు తేలికవుతుంది.

కానీ లగ్రాంజ్ సందేహం ఊరికే పోలేదు. మార్కుల మెమో ఫోటోను బాగా నొక్కేసి చూడండి, అక్షరాల అంచుల చుట్టూ మసక మరకలు కనిపిస్తాయి. పదునైన మూలకు సన్నటి అలలే కావాలి, మనం పారేసింది వాటినే. ముఖం ఫోటోలో ఇది అంతగా తెలియదు.

అందుకే క్వాలిటీని కిందికి లాగేముందు కొలతలు తగ్గించండి. 4000 × 3000 ఫోటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుంటాయి; 1000 × 750 చేస్తే 7.5 లక్షలే. మెమో అయితే చుట్టూ కనిపించే టేబుల్‌ని కత్తిరించి, అక్షరాలు చదవగలిగేంత వరకే కుదించండి. తగ్గించినదాన్ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. మళ్లీ దరఖాస్తు వచ్చినప్పుడు అసలు ఫోటో నుంచే మొదలుపెట్టాలి.