ల్యూక్ హోవర్డు జీవితము

మేఘములకు నామకరణము చేసిన ల్యూక్ హోవర్డు 1772వ సంవత్సరము నవంబరు 28వ తేదీన లండను నగరమున ఒక క్వేకరు కుటుంబమునందు జన్మించెను. 1783వ సంవత్సరపు వేసవిలో ఐస్‌లండు దేశమున అగ్నిపర్వతము ప్రేలగా, దాని పొగ యూరపు ఖండమున మంచువలె క్రమ్ముకొనెను. అప్పటికి పదియేండ్ల ప్రాయమువాడైన ఆ బాలుని దృష్టి ఆకాశముపై నిలిచెను.

పెద్దవాడైన పిమ్మట ఆయన ఔషధములు తయారుచేయు వృత్తి నవలంబించి, తీరికవేళలను ఆకాశ పరిశీలనమునకు వినియోగించెను. 1802లో ఒక విద్వత్సభయందు ప్రసంగించి, మేఘములను సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ మొదలగు లాటిను పేరులతో వర్గములుగా విభజించెను. ఆ పేరులే నేటికిని లోకమంతట వాడుకలో నున్నవి. జర్మను మహాకవి గోథే ఆయనను కీర్తించుచు పద్యములు వ్రాసెను.

అయినను ఆయన చేసిన మరియొక పని యింతకంటె నెక్కువ ఓర్పుతో గూడినది. లండను వెలుపల ప్లేస్టో మొదలగు గ్రామములందు నివసించుచు, ప్రతిదినమును హెచ్చు తగ్గు ఉష్ణోగ్రతలను, గాలి దిక్కును, వర్షమును పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఒక్క దినపు ఎండగాని, ఒక్క యేటి చలిగాని ఒక ప్రదేశపు స్వభావమును తెలుపజాలదు. అనేక సంవత్సరముల లెక్కలను కూడి సగటు తీసిననే అది బయల్పడును. నగరమధ్యమున రాయల్ సొసైటీవారు వ్రాసిన లెక్కలతో తన లెక్కలను పోల్చి చూడగా, రాత్రివేళ నగరము పల్లెకంటె సుమారు 3.7 ఫారన్‌హీటు డిగ్రీలు వెచ్చగా నుండుట తేలెను. పొయ్యిల మంటలును, జనసమ్మర్దమును, వేడిని పట్టియుంచు కట్టడములును ఇందులకు కారణములని ఆయన వివరించెను. లండను శీతోష్ణస్థితిని గూర్చిన ఆయన గ్రంథము 1818, 1820 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడెను.

నేడు పెద్ద భవనము కట్టదలచినవారు, దానిని చల్లబరచుటకును వెచ్చబరచుటకును ఎంత శక్తి కావలయునో ముందుగా గణించెదరు. అందులకై అనేక సంవత్సరముల లెక్కలను పరిశీలించి, ఏ యేటి జనవరి ఆ ప్రదేశమునకు సహజమైన జనవరియో, ఏ యేటి మే సహజమైన మేయో ఎన్నుకొని, అట్టి పండ్రెండు మాసములను చేర్చి 8,760 గంటలుగల ఒక నమూనా సంవత్సరమును కూర్చెదరు. అయితే ఆ లెక్కలు తరచుగా ఊరివెలుపలి విమానాశ్రయములలో తీసినవి. వానినే నగరమధ్యపు భవనమునకు వాడినచో, రాత్రి వేడిమి తక్కువగా కనబడి గణనము తప్పును. ఆ తప్పు ఫలము నా గదులలో నివసించువారు వేసవి రాత్రులయం దనుభవింతురు. ఈ ప్రమాదమును హోవర్డు అంకెలు రెండువందల యేండ్లనాడే సూచించినవి.

ఆయన 1864వ సంవత్సరము మార్చి 21వ తేదీన, 91 ఏండ్ల ప్రాయమున మరణించెను. విద్యార్థులారా! గొప్ప యంత్రములు లేకున్నను, దినమునకొక పంక్తి తప్పక, ఉన్నదున్నట్లు వ్రాసినవాడు ముందుతరములవారికి ఉపకారి కాగలడని ఈయన జీవితము మనకు బోధించుచున్నది.