వాననీటిని శోధించిన రాబర్టు ఆంగస్ స్మిత్తు

వాననీటికంటె నిర్మలమైన నీరు లేదని మనలో పలువురి నమ్మకము. పల్లెలయందిది చాలవరకు సత్యమే. కాని బొగ్గుపొగ క్రమ్మిన పట్టణముపై కురియు వాన యట్టిది కాదని రసాయనశాస్త్రముచే విపులముగా నిరూపించిన రాబర్టు ఆంగస్ స్మిత్తు చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఈయన స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరసమీపమందలి పాలక్‌షాస్ పట్టణమున 1817 వ సంవత్సరమున జన్మించెను. మతబోధకుడు కావలెనని గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరి, ఆ చదువు ముగింపక, కొంతకాలము ఇండ్లలో ఉపాధ్యాయుడుగా నుండెను. పిమ్మట జర్మనీకేగి, గీసెన్ పట్టణమున లీబిగ్ పండితునియొద్ద రసాయనశాస్త్రము నభ్యసించి, 1841 లో డాక్టరు పట్టమందెను. 1843 లో మాంచెస్టరు చేరెను.

ఆ కాలమున నూలుమిల్లులకు మాంచెస్టరు పెట్టినది పేరు. వాని పొగగొట్టములు ఎడతెగక బొగ్గుపొగ గ్రక్కుచుండెను. స్మిత్తు ఊరి నడుమను, శివారులందును, దూరపు పొలములందును వాననీరు పట్టించి పరీక్షించెను. పొలముల నీట ఆమ్లగుణము కానరాలేదు. శివారులలో గంధకికామ్లము అమోనియాతో కలిసి లవణమై యుండెను. ఊరి నడుమనో, అమోనియా చాలక ఆమ్లము విడిగానే నిలిచియుండెను. బొగ్గులో గంధకము కొంచెము గలదు. అది కాలినపుడు పుట్టు వాయువు గాలిలోని ప్రాణవాయువుతోడను తేమతోడను కలిసి గంధకికామ్లమగును. అదియే వానతో దిగును. రంగుబట్టలు వెలియుటకును, లోహములు చెడుటకును ఈ ఆమ్లమే హేతువని యీయన 1852 లో ప్రకటించెను.

1863 లో బ్రిటిషు పార్లమెంటు క్షారపరిశ్రమల చట్టము చేసెను. మరుసటి యేడు స్మిత్తు దానికి తొలి తనిఖీ అధికారి యయ్యెను. ఉప్పునుండి సోడా చేయు కర్మాగారములు విడుచు హైడ్రోక్లోరికామ్ల వాయువు చుట్టుపట్ల పైరులను, చెట్లను మాడ్చుచుండెను. యజమానులు పొగగొట్టముల నెత్తుగా కట్టించిరి. అందుచే విషము తగ్గలేదు, మరికొంత దూరము పోయెను, అంతియే! అయితే ఈ వాయువు నీట సులభముగా కరగును. కోకుముక్కలు నింపిన గోపురమున పైనుండి నీరు జారవిడిచి, క్రిందినుండి వాయువును పంపినచో నది నీటికి చిక్కును. నూటికి 95 పాళ్లిట్లు పట్టవలెనని చట్టము. యజమానులను న్యాయస్థానమునకీడ్చుటకంటె వారికి పని నేర్పుటయే మేలని స్మిత్తు తలంచెను. ఈ మెత్తదనమును కొందరు నిందించిరి. తొలి యేడే గాలిలోనికి పోవు భాగము సగటున నూటికి రెండుపాళ్లకు లోబడెను గనుక, ఆ నింద పూర్తిగా న్యాయమని మాకు తోచదు. కాని కర్మాగారములు పెరిగినకొలది ఆ మిగులు పాళ్లే పెద్ద మొత్తమయ్యెను. అందుచే 1874 లో ఘనపుటడుగు వాయువున ఆమ్లము గ్రెయినులో నయిదవవంతు మించరాదని క్రొత్త హద్దు విధించిరి.

ఇంత చేసినను, మాంచెస్టరు వానలో తాను కనుగొన్న బొగ్గుగంధకముపై ఈయనకు అధికారము లేకపోయెను. సామాన్యపు బొగ్గుపొగ ఆ చట్టమున చేరలేదు. 1872 లో గాలిని, వానను గూర్చి యొక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆమ్లవర్షమను పేరు అందు గలదు. 1884 లో మృతినొందెను.

1852 నాటి ప్రకటనకు నూరేండ్లు నిండిన 1952 డిసెంబరున, లండను నగరమును పొగమంచు అయిదు దినములు కప్పెను. గాలి కదలక, పైనున్న వెచ్చని గాలిపొర మూతవలె నిలువగా, బొగ్గుపొగ నేలనంటి యుండెను. ఆ దినములందును తరువాతి వారములందును వేలకొలది జనులు మరణించిరి. ఇండ్ల పొగగొట్టములను సైతము కట్టడిచేయు చట్టము బ్రిటనులో 1956 లో వెలువడెను.