దాచుకోని విద్య: డాక్టర్ అల్జీమర్ జీవితం

ఇంటిలోని వృద్ధులు చెప్పినదే మళ్ళీ మళ్ళీ చెబుతున్నా, కన్నబిడ్డల పేర్లే మరచిపోతున్నా, అది వయసుతో వచ్చిన చాదస్తమని తెలుగువారు సరిపెట్టుకుంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో సఠియా గయే అంటారు. అరవై దాటినందున మతి తప్పిందని దాని భావం. ఈ రెండు మాటల చాటున ఒక వ్యాధి దాగి ఉండవచ్చునని ఆలోచించేవారు తక్కువ. డిమెన్షియా అని వైద్యులు పిలిచే ఆ స్థితికి ముఖ్యకారణమైన వ్యాధి అలోయిస్ అల్జీమర్ పేరుతోనే ప్రసిద్ధి పొందింది. ఆ వైద్యుని జీవితాన్ని మా విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము.

అల్జీమర్ 1864 జూన్ 14న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో ఒక నోటరీ ఇంట జన్మించాడు. 1887లో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, మరుసటి సంవత్సరం ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. అక్కడి అధిపతి ఎమిల్ సియోలి రోగులను కట్టివేసే పద్ధతులను తగ్గించిన ఉదారుడు. 1889లో ఫ్రాంజ్ నిస్ల్ అనే యువవైద్యుడు అక్కడికి వచ్చి చేరాడు. మెదడు కణాలకు రంగులు అద్ది, సూక్ష్మదర్శిని కింద స్పష్టంగా చూసే విధానం నిస్ల్ కనుగొన్నదే. మిత్రులిద్దరూ పగలు రోగులను చూసి, రాత్రులు మెదడు పొరలను పరిశీలించేవారు.

1901లో అల్జీమర్ భార్య సిసీలియా ముగ్గురు పసిపిల్లలను విడిచి మరణించింది. ఆ దుఃఖం ఆరకముందే, అదే సంవత్సరం నవంబరు 25న, ఆగస్ట్ డేటర్ అనే 51 ఏళ్ళ గృహిణి చికిత్సాలయంలో చేరింది. ఆమె భర్త రైల్వే ఉద్యోగి. అకారణంగా భర్తను అనుమానించడం, వంట మరచిపోవడం, వస్తువులు ఎక్కడెక్కడో దాచడం ఆమె రోగలక్షణాలు. అల్జీమర్ ఆమె ఎదుట కూర్చుని పేరు అడిగాడు, భర్త పేరు అడిగాడు, వస్తువులు చూపి అవేమిటో చెప్పమన్నాడు. పేరు వ్రాయమంటే మొదలుపెట్టి, మధ్యలోనే మరచిపోయేది. ప్రతి ప్రశ్ననూ, ప్రతి జవాబునూ ఆయన స్వహస్తంతో నమోదు చేశాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ విడిచిన ఆయన 1903లో ప్రసిద్ధ మనోవైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ వెంట మ్యూనిక్ చేరాడు. 1906 ఏప్రిల్ 8న ఆగస్ట్ డేటర్ మరణించగా, సియోలి ఆమె రికార్డునూ మెదడునూ మ్యూనిక్‌కు పంపించాడు. తన ఆసుపత్రి సొత్తని ఆయన వాటిని దాచుకుని ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. బెర్లిన్ వైద్యుడు బీల్షోవ్‌స్కీ ప్రకటించిన వెండి రంగు విధానాన్ని ఉపయోగించి, ఇద్దరు ఇటలీ వైద్యుల సహాయంతో అల్జీమర్ ఆ మెదడును పరిశీలించాడు. కణాల మధ్య గట్టిపడిన ఫలకాలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఒక ఊరి రికార్డు, ఒక ఊరి రంగు, మరొక ఊరి సూక్ష్మదర్శిని కలిస్తేనే ఈ ఆవిష్కరణ సాధ్యమైంది.

1906 నవంబరు 3న ట్యూబింగెన్ వైద్యసభలో ఆయన దీనిని వివరించినప్పుడు సభికులలో ఒక్కరూ ప్రశ్న వేయలేదు. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. 1910లో క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

అల్జీమర్ ఆచార్యత్వం ఆయన పరిశోధనకు తీసిపోనిది. మ్యూనిక్ ప్రయోగశాలలో కొంతకాలం జీతం లేకుండానే పనిచేశాడు. ఒక్కొక్క విద్యార్థి వద్ద కూర్చుని, సూక్ష్మదర్శినిలో చూడడం నేర్పేవాడు. మాటల ధ్యాసలో చుట్ట అక్కడే పెట్టి మరచిపోయేవాడని, సాయంత్రానికి ప్రతి బల్లపైనా ఒక చుట్టముక్క మిగిలేదని చెబుతారు. క్రూట్జ్‌ఫెల్ట్, యాకోబ్, లెవీ వంటి తర్వాతి తరం ప్రసిద్ధులు ఆయన వద్ద పనిచేసినవారే. లైబీరియాలో పుట్టి అమెరికాలో వైద్యుడైన సాలమన్ కార్టర్ ఫుల్లర్ కూడా అక్కడ శిక్షణ పొందాడు. ఆయన తాత బానిసత్వం నుండి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నవాడు. అమెరికాలో నల్లజాతివారికి ఎన్నో ద్వారాలు మూసి ఉన్న కాలంలో మ్యూనిక్ ప్రయోగశాల ద్వారం ఆయనకు తెరుచుకుంది.

1912లో అల్జీమర్ నేడు పోలెండులో ఉన్న బ్రెస్లావ్ నగరంలో ఆచార్య పదవికి బయలుదేరాడు. ప్రయాణంలోనే జబ్బుపడి పూర్తిగా కోలుకోలేక, 1915 డిసెంబరు 19న, 51వ ఏట కన్నుమూశాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి పక్కనే ఆయన సమాధి ఉంది. కనబడకుండా పోయిన ఆగస్ట్ డేటర్ ఫైలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దొరికింది. ఆమె మెదడు పొరల పలకలు మ్యూనిక్‌లో బయటపడ్డాయి. దాదాపు 90 సంవత్సరాల తర్వాత కూడా ఇతరులు వాటిని మళ్ళీ పరీక్షించి ఆయన పరిశీలనను ధ్రువపరచగలిగారు.

అయితే ఒక్క రోగిని చూచి ఒక జనసముదాయాన్ని అంచనా వేయలేము. నడివయసువారికి వచ్చే అరుదైన వ్యాధిగానే దీనిని దశాబ్దాలపాటు భావించారు. వృద్ధుల మతిమరుపులో అధికభాగం ఈ వ్యాధే అని 1960, 70 దశకాలలో గాని స్థిరపడలేదు. 1998లో కొచ్చిన్ నగరంలో సమావేశమైన పరిశోధకులు మరొక లోపాన్ని గుర్తించారు. డిమెన్షియా రోగులలో మూడింట రెండు వంతుల మంది వెనుకబడిన దేశాలలో ఉండగా, జనసముదాయ పరిశోధనలో పదోవంతు కూడా అక్కడ జరగడం లేదు. వారి బృందానికి 10/66 అనే పేరు అందువల్లనే వచ్చింది.

మన హైదరాబాదుకూ ఇందులో పాత్ర ఉంది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం, రెండు లేదా అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనబడింది. కాని వారంతా ఆసుపత్రికి వచ్చినవారు. రాలేనివారి సంగతి తెలియాలంటే ఇంటింటికీ వెళ్ళాలి. పలక పట్టని అవ్వను పేరు వ్రాయమని అడిగి, వ్రాయలేదని రోగిగా లెక్కించకూడదు. కనుక ఆమె భాషలో, ఆమె జీవితానికి తగిన ప్రశ్నలు తయారుచేసి, అడిగేవారికి శిక్షణ ఇవ్వాలి. భారతదేశంలో 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో 60 ఏళ్ళు దాటిన 4 వేలకు పైగా వృద్ధులను ఇలాగే పరీక్షించారు. వారిలో 7.4 శాతం మందికి, అంటే దేశమంతటా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో అంచనా ప్రకటించారు. పేర్లు తొలగించిన ఆ వివరాలు ఇతర పరిశోధకులకు కూడా అందుబాటులో ఉన్నాయి.

తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన విద్యార్థులు మా కళాశాలలో ఉన్నారు. రేపు వైద్యమో, గణాంకశాస్త్రమో చదివి, వృద్ధుల గడపకు వెళ్ళి వారి భాషలోనే కుశలం అడగగలవారు వీరే. అల్జీమర్ ఆగస్ట్ డేటర్ ఎదుట కూర్చున్నంత ఓర్పుతో కూర్చోవాలని, వ్రాసుకున్నది దాచుకోక పదిమందికీ పంచాలని వారిని కోరుతున్నాము.